చదవకుండా దాటేసిన వరుస

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఒకటిన్నర వరుస. డాక్టరుగారి కోడిగీతల ఇంగ్లీషులో, నీలం సిరాతో రాసిన ఒకటిన్నర వరుస. దాన్ని పైకి చదివి వినిపించాల్సిన రోజున నేను వినిపించలేదు. కాగితం చింపలేదు. అక్షరం దిద్దలేదు. పై వరుస చదివి, దాన్ని దాటి, కింది వరుసకు వెళ్లిపోయాను. దానివల్ల ఒక మనిషి తన ఇంటికి చేరకుండానే చనిపోయాడు.

మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే ఓదారుస్తారు. పోనీలే, ఆ రోజులు అలాంటివి అంటారు. ఆ మాట నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు. అది తలనొప్పికి రాసుకునే మందు లాంటిది, రాసినంతసేపే చల్లన. కాబట్టి మీరు ఓదార్చవద్దు. వినండి, చాలు.

ఆ ఊరి పేరు చెప్పను. నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారుల్లో ఏదో ఒక దారి మీద ఉందనుకోండి. అక్కడొక చిన్న జైలు. పంధొమ్మిది వందల అరవైల్లో నేను దాంట్లో కాంపౌండరుని. మందుల గది అని ఒకటి ఉండేది. రెండు మంచాలు, ఒక అద్దాల బీరువా, మిక్స్చరు సీసాలు, సూదులు ఉడకబెట్టే స్టవ్వు. జైలుకంటూ వేరే డాక్టరు లేడు. ఊళ్లో ఆస్పత్రి నుంచి డాక్టరుగారు మంగళవారం, శుక్రవారం వచ్చి గంటసేపు చూసి వెళ్లేవారు. మిగతా రోజుల్లో జ్వరమైనా, విరేచనాలైనా, నేనే వాళ్లకు దిక్కు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఖైదీల ఆరోగ్యం గురించి డాక్టరుగారు ఏం చెప్పదలచుకున్నా ఒక పుస్తకంలో రాయాలి. ఫలానా వాడికి బరువు పని వద్దు, ఫలానా వాడికి పాలు ఇవ్వాలి, ఫలానా వాడిని విడిగా పడుకోబెట్టాలి అని. ఆ పుస్తకాన్ని జైలరుగారు చూసి, కింద సంతకం చేసి, అందులో ఉన్నట్టు జరిపించాలి. డాక్టరు పుస్తకం అనేవాళ్లం. అది అటూ ఇటూ మోసేవాణ్ణి నేను.

మోయడమే అయితే ఏ బాధా ఉండేది కాదు. నేను చదివి వినిపించాలి కూడా. ఎందుకంటే జైలరుగారి రెండు కళ్లకూ పొరలు వచ్చాయి. ఆ సంగతి జైల్లో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లు ఉంది. కళ్లు కనిపించడం లేదని పైవాళ్లకు తెలిస్తే ఇంటికి పంపేస్తారని ఆయన భయం. పొద్దున్నే ఆయన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, పుస్తకం తెరిచి, వరుస మీద వేలు పెట్టి, ఇంగ్లీషును తెలుగు చేసి చెప్పేవాణ్ణి. ఆయన వింటూ ఊ కొట్టి, నేను వేలు పెట్టిన చోట సంతకం చేసేవారు. నిండు మీసాల మనిషి, వార్డర్లు ఆయన చెప్పుల చప్పుడు వింటేనే బెల్టులు సర్దుకునేవాళ్లు. నా ముందు మాత్రం తరగతిలో కూర్చున్న పిల్లవాడిలా ఉండేవారు.

మరి డాక్టరుగారే నేరుగా వెళ్లి చెప్పవచ్చు కదా అంటారేమో. వాళ్లిద్దరికీ మాటల్లేవు. డాక్టరుగారు కొత్తగా వచ్చిన రోజు జైలరుగారు కుర్చీలోంచి లేవలేదట. లేవని మనిషితో నాకేం మాటలు అని ఈయన. నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చినవాడికి నేను లేవాలా అని ఆయన. నేను అడకత్తెరలో పోకచెక్కని. కానీ ఆ తగువు జైలరుగారు కావాలనే పెంచుకున్నారేమోనని తర్వాత నాకు అనిపించింది. డాక్టరు ఎదురుగా కూర్చుంటే కళ్ల సంగతి ఒక్క చూపులో పట్టేస్తాడు కదా.

ఇలా ఇద్దరు పెద్దమనుషుల మధ్య మాట అంతా నా నోటి మీదుగా నడిచింది. నేను దాన్ని నమ్మకం అనుకున్నాను. గర్వపడ్డాను కూడా. ఎంత చిన్న ఉద్యోగికైనా తన మీద ఏదో ఆధారపడి ఉందంటే గర్వమే.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. మాది బుచ్చిరెడ్డిపాలెం వైపు వరి పండించే కుటుంబం. అన్నదమ్ములు పొలంలో ఉన్నారు. నాకు చదువు అబ్బిందని కాంపౌండరు పనిలో పెట్టారు. పెళ్లయిన రెండో ఏడు నా భార్య పుట్టింటికి వెళ్లింది, మళ్లీ రాలేదు. తప్పు ఆమెది కాదు. నేను ముభావిని. ఇంట్లో మనిషి ఉన్నా లేనట్టే ఉంటాడు, గోడతో కాపురం ఎన్నాళ్లు చేయను అని వాళ్లమ్మతో అన్నదట. నిజమే అన్నది. ఆ తర్వాత నాలుగేళ్లు జైలు వెనక క్వార్టర్లో ఒక్కణ్ణే. హోటలు భోజనం. రోజంతా ఎంతమందికి మందులిచ్చినా, తిన్నావా అని నన్ను అడిగిన మనిషి ఆ నాలుగేళ్లలో లేడు.

ఆ మాట మొదట అడిగినవాడు పోలయ్య.

అతను మైపాడు అవతల ఒక పాళెంలో చేపలు పట్టుకునేవాడు. వలల దగ్గర తగాదా వచ్చి తెడ్డుతో కొడితే ఎదుటివాడి చెయ్యి పనికిరాకుండా పోయింది. నాలుగేళ్లు శిక్ష. దాన్ని దాచడు, తగ్గించి చెప్పడు. కొట్టినాను సామీ, కోపమొచ్చింది, కొట్టినాను అనేవాడు. నడవడి బాగుందని వచ్చిన ఏడాదికి మందుల గది పనికి వేశారు. నేల తుడవడం, సీసాలు కడగడం, ఖల్వంలో మందు నూరడం. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. అందరి ముందూ సామీ అనేవాడు. గదిలో ఎవరూ లేనప్పుడు అన్నా అనేవాడు. అది ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు. ఒకరోజు మధ్యాహ్నం నేను సీసాలకు కాగితం గుర్తులు అంటిస్తుంటే, మొహం చూసి, తిన్నావా అన్నా అని అడిగాడు. తినలేదు. ముప్పై రెండేళ్లవాణ్ణి, ఒక ఖైదీ ముందు తల పక్కకు తిప్పుకున్నాను.

అతనికి ఊరికే కూర్చోవడం చేతకాదు. చేతిలో ఏదో ఒకటి అల్లుతూ ఉండాలి. పాత గోనెసంచుల్లోంచి దారాలు లాగి నా సీసాలన్నిటికీ వలతొడుగులు అల్లాడు. డాక్టరుగారు చూసి నవ్వి, ఈ మందులకు ఎక్కడా పారిపోయే దారి లేదన్నమాట అన్నారు. మధ్యాహ్నం రెండు దాటాక సముద్రం వైపు నుంచి గాలి తిరిగేది. అక్కడి నుంచి సముద్రం కనిపించదు, అలల చప్పుడు వినిపించదు. కానీ గాలి తిరిగిన క్షణాన పోలయ్య చేతిలో పని ఆపి మొహం పైకెత్తేవాడు. ఈరోజు వలలో వంజరం చేప పడుంటుంది, ఈరోజు ఎవడూ లోపలికి పోయుండడు, అలలు పెద్దవి అని చెప్పేవాడు. అది నిజమో కాదో ఎవరికి తెలుసు? నేను నమ్మేవాణ్ణి. సముద్రానికి అంత దగ్గర పుట్టి పెరిగి కూడా నాకు అప్పటిదాకా అది నీళ్లే. అతని మాటల్లోనే నాకు మొదటిసారి దాంట్లో దారులు, గట్లు, మంచి రోజులు, చెడ్డ రోజులు ఉన్నాయని తెలిసింది.

రెండేళ్లు అలా గడిచాయి. నాకు ఆ రెండేళ్లూ ఆదివారం అంటే ఇష్టం ఉండేది కాదు. ఆదివారం మందుల గది మూసేవాళ్లు.

తర్వాతి చలికాలంలో అతని కాళ్లు వాచాయి. మొదట నిలబడి పనిచేయడం వల్ల అనుకున్నాం. బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చిందట, అది గుండెను పట్టింది. ఆ శుక్రవారం డాక్టరుగారు చాలాసేపు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నారు. అతన్ని బయట కూర్చోమని, నాతో ఇంగ్లీషులో చెప్పారు. గుండె లోపల చెడిపోయింది, ఇక్కడ ఉన్నా ఎక్కడ ఉన్నా మనం చేయగలిగింది లేదు, ఏడాది తిరగడు, నెలలే కావచ్చు, తనవాళ్ల మధ్యకు పోనిద్దాం అన్నారు. పుస్తకం తీసుకుని రాశారు. మందు మార్పు. ఉప్పు లేని భోజనం. బరువు పని వద్దు. దాని కింద ఆ ఒకటిన్నర వరుస. ఈ ఖైదీని ఆరోగ్య కారణాల మీద విడుదల చేయవలసిందిగా పైఅధికారులకు వెంటనే రాయాలి, ఆలస్యం చేయరాదు.

మర్నాడు పొద్దున పుస్తకం చంకలో పెట్టుకుని జైలరుగారి గదికి వెళ్లాను.

వెళ్లేటప్పుడు నా మనసులో ఏముంది? దీన్ని నేను వందలసార్లు వెతికాను. చదవకూడదని ముందే అనుకున్నానా? లేదు. ఒట్టు వేసి చెప్పగలను, అనుకోలేదు. వాకిలి దాటుతున్నప్పుడు మందుల గదిలో అతను ఖల్వం కడుగుతున్న చప్పుడు వినిపించింది. అంతే. పోలయ్య వెళ్లిపోతే ఈ చప్పుడు ఉండదు కదా అనుకున్నాను. ఇంత చిన్న సంగతికి ఒక మనిషి ఇంత పని చేస్తాడా? చేశాడు. వేలు పోలయ్య పేరు మీదికి వచ్చింది. మందు మార్చారు సార్, ఉప్పు వద్దన్నారు, బరువు పని వద్దన్నారు అని చెప్పాను. వేలు ఆ ఒకటిన్నర వరుస దాటి కిందికి జరిగింది. ఆరో నంబరు గదిలో ముసలాయనకు దగ్గు మందు అన్నాను. జైలరుగారు ఊ అన్నారు. నేను చూపిన చోట సంతకం చేశారు. ఆ సంతకం నేను దాటిన మాటలకు కూడా కిందే ఉంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ సామెత నేను చిన్నప్పటినుంచి నవ్వుతూ వాడేవాణ్ణి.

మందుల గదికి తిరిగి వచ్చేసరికి అతను కిటికీ కింద కూర్చుని ఉన్నాడు. అప్పుడు మా మధ్య జరిగిన మాటలు నాకు ఒక్కటి కూడా పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అన్నా, నిన్న డాక్టరుగారు రిలీజని ఏందో అన్నాడు గదా. ఆ మాటొకటి ఇనపడింది."

ఖైదీకి ఇంగ్లీషు రాకపోయినా ఆ ఒక్క మాట రాకుండా ఉంటుందా? నేను బీరువా వైపు తిరిగాను.

"నీ గురించి కాదులే. ఇంకోడి గురించి."

"ఎవురన్నా?"

"ఉన్నాడులే. నీకెందుకు?"

"ఏం లేదు. మంచిదే గదా వాడికి." కాళ్లు ముందుకు చాపుకున్నాడు. "వాడిది ఏ ఊరు? మావైపోడైతే మస్తానమ్మకు ఒక మాట చెప్పి పంపిద్దామని."

మస్తానమ్మ అతని భార్య.

"ఏం చెప్పాలి?"

"బాగుండానని. కాళ్ల సంగతి చెప్పబాక అని కూడా వాడికి చెప్పాలి."

"మీవైపోడు కాదు," అన్నాను. ఇంకేం అనగలను? లేని మనిషికి ఊరు కూడా నేనే పెట్టాలా?

"పోనీలే," అని లేచి సీసాలు సర్దాడు.

మీరు అడగవచ్చు, ఆ సాయంత్రమో మర్నాడో సరిదిద్దుకోకపోయావా అని. సరిదిద్దుకుందామనే అనుకున్నాను. ఒక్క వారం అనుకున్నాను. ఒక్క వారం అతన్ని ఉంచుకుని, ఆ తర్వాత జైలరుగారికి కొత్తగా చదివినట్టు చదివేద్దామనుకున్నాను. ఒకసారి ఆ ఉద్దేశంతోనే పుస్తకం పట్టుకుని బయల్దేరాను కూడా. జైలరుగారు పని మీద నెల్లూరు వెళ్లారని వార్డరు చెప్పాడు. ఆ మాట వినగానే నాకు కలిగింది నిరాశ కాదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నా సంగతి నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

రెండు వారాలకు డాక్టరుగారు అడిగారు, ఆ విడుదల కాగితం ఏమైంది, ఆయన పంపాడా అని. పంపినారు సార్, పైనుంచి ఇంకా జవాబు రాలేదు అన్నాను. ఆయన తిట్టుకున్నారు. పైవాళ్ల ఆలస్యం అంటే మన దేశంలో నమ్మనివాడెవడు? నెల తర్వాత మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను. మనిషి చచ్చాక ఆర్డరు వస్తుంది చూడు అన్నారు. ఆయనకు జైలరుగారితో మాటలు ఉంటే నా అబద్ధం ఒక్క పూట నిలిచేది కాదు. ఒక కుర్చీ నన్ను కాపాడింది.

నన్ను నేను సమర్థించుకోలేదా అంటే, చాలా బాగా సమర్థించుకున్నాను. ఆ ఇసకలో, ఆ తాటాకు గుడిసెలో పూటపూటకు కొలిచి మందు ఎవరిస్తారు? ఉప్పు లేకుండా ఎవరు వండుతారు? కాళ్లు ఎవరు చూస్తారు? ఇక్కడైతే నేనున్నాను కదా. ఇందులో కొంచెం నిజం ఉంది. అబద్ధానికి బలం ఆ కొంచెం నిజమే. నేనే చూసుకోవాలని నాకుంది. ఆ కోరిక పేరు వైద్యం అని పెట్టుకున్నాను.

అలా నాలుగు నెలలు.

బరువు పని వద్దన్నారు కాబట్టి అతను పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా గదిలోనే ఉండేవాడు. మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టేవాణ్ణి. ఉప్పులేని సంకటి చూసి, ఉప్పునీళ్లలో పుట్టినోడికి ఇదేం శిక్షన్నా, దీనికన్నా ఇంకో రెండేళ్లు వెయ్యమను అనేవాడు. నేను పేపరు చదివి వినిపించేవాణ్ణి. పేపరైతే ఒక్క వరుస కూడా వదలకుండా చదివేవాణ్ణి. అతను నాకు ముళ్లు వేయడం నేర్పాడు, లాగితే బిగిసేవి, లాగితే విడిపోయేవి. నా వేళ్లు సరిగా తిరగకపోతే చేతులు పట్టుకుని తిప్పేవాడు. రోజుకు నాలుగుసార్లు అతని కాళ్ల మీద వాపు చూసేవాణ్ణి. తగ్గిన రోజు నాకు పండగ. మేం ఏం మాట్లాడుకున్నామో అన్నీ గుర్తులేవు. మాట్లాడకుండా ఉన్న పూటలు ఎక్కువ గుర్తున్నాయి. నా భార్య గోడ అన్న మనిషి పక్కన, ఇంకో మనిషి హాయిగా కునుకు తీసేవాడు. దానికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నదమ్ముల ప్రేమ అందామా? నాకు అన్నదమ్ములున్నారు, అలా ఉండదు. స్నేహం అందామా? అది చిన్న మాట.

మధ్యలో ఒకసారి మస్తానమ్మ ములాఖత్తుకు వచ్చింది. రెండు బస్సులు మారి రావాలి, ఆరు నెలలకోసారి తప్ప రాలేదు. ఆ పొద్దున పోలయ్య తన కాళ్లకు గుడ్డ కట్టమన్నాడు. ముల్లు గుచ్చుకుందని చెబుతా అన్నాడు. కట్టాను. అతను ఆమె ముందు పావుగంట నిలబడి నవ్వుతూ మాట్లాడి, వచ్చి మంచం మీద పడి గంటసేపు ఊపిరి కోసం కొట్టుకున్నాడు. ఆ గంటలో నేను చెప్పి ఉండవచ్చు. అదిగో, ఆమె ఇంకా గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంది. జైలరుగారి గది ఇరవై అడుగులు. నేను అతని వీపు నిమురుతూ కూర్చున్నాను.

రోహిణి కార్తె ఎండల్లో పోయాడు. పొద్దున పది గంటలు అయి ఉంటుంది. దిండ్లకు ఆనుకుని, నోటితో గాలి తీసుకుంటూ, గాలి ఇంకా తిరగలేదేందన్నా అన్నాడు. తిరుగుతుంది, మధ్యాహ్నం కానీ అన్నాను. నా ముంజేయి పట్టుకుని ఉన్నాడు. కళ్లు గోడ మీద ఎత్తుగా ఉన్న చిన్న కిటికీ వైపు ఉన్నాయి. గాలి తిరగడానికి ఇంకా నాలుగు గంటలుందనగా ఆ చెయ్యి వదులైంది.

పాళెం వాళ్లు రెండెడ్ల బండి కట్టుకుని వచ్చి తీసుకుపోయారు. మస్తానమ్మ ఏడవలేదు. గేటు దగ్గర నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

జైల్లో మనిషి చనిపోతే విచారణ జరుగుతుంది. ఒక ఆఫీసరు వచ్చారు. పుస్తకం తెరిచారు. ఆ ఒకటిన్నర వరుస ఆయనకు వెంటనే కనిపించింది. దాని కింద జైలరుగారి సంతకం. దీన్ని పైకి పంపలేదేం అని అడిగారు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. జైలరుగారు ఒక్క మాట అంటే చాలు. నాకు కళ్లు కనిపించవు, ఇతను చదివితేనే వింటాను అంటే చాలు, నేను పోతాను. ఆయన, మరిచిపోయి ఉంటానండి, పొరపాటు నాదే అన్నారు.

కళ్ల సంగతి బయటపడుతుందని అలా అన్నారనుకున్నాను. కాదు. సాయంత్రం నన్ను గదికి పిలిచారు. నువ్వు ఆరోజు చదివే ఉంటావు గదా నాయనా అన్నారు. ఆ గొంతులో అనుమానం లేదు. తన మతిమరుపు ఎంతదాకా వచ్చిందో తెలుసుకోవాలని అడిగారు. నేను, చదివినాను సార్ అన్నాను. ఆయన తల ఊపారు. వయసైపోయింది నాకు అన్నారు. నా మీద ఉన్న నమ్మకం చెడకుండా, తన బుర్ర మీద ఉన్న నమ్మకాన్ని వదులుకున్నారు ఆయన. వారం తిరక్కుండా సెలవు మీద వెళ్లి మళ్లీ ఉద్యోగానికి రాలేదు. తన మతిమరుపు వల్ల ఒక మనిషి ప్రాణం జైల్లో పోయిందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవారని తర్వాత విన్నాను. చనిపోయేదాకా చెప్పుకున్నారట. ఆయన బతికుండగా నేను ఒక్కసారి కూడా ఆయన ఊరు వెళ్లలేదు.

కాగితం పంపారని జైలరుగారి మాట నమ్మే నేను తనకు చెప్పాననుకున్న డాక్టరుగారు, బదిలీ అయి వెళ్తూ నా భుజం తట్టి, నువ్వు చేయాల్సింది చేశావు అన్నారు.

రెండేళ్లు గడిచాక, మస్తానమ్మకైనా చెప్పేయాలని మైపాడు బస్సు ఎక్కాను. అక్కడి నుంచి ఇసకలో నడక. పాళెంలో ఎవరిని అడిగినా ఇల్లు చూపించారు. ఆమె గుడిసె ముందు నెత్తళ్ల చేపలు ఎండబోస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టి, చేతులు కడుక్కుని వచ్చి చాప వేసింది. చెంబుతో నీళ్లిచ్చింది. దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. తప్పు నాదమ్మా అని మొదలుపెట్టాలనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆమె అడిగింది.

"నాలుగు నెలలు మంచాన ఉన్నాడని గేటుకాడ చెప్పినారు. ఆఖర్న ఆ నాలుగు నెలలు ఎట్టా ఉన్నాడు సామీ? నాకు ఎవురూ చెప్పలా."

చెప్పాను. కూర్చుని అన్నీ చెప్పాను. ఉప్పు గురించి, గాలి గురించి, నా చేతులు పట్టుకుని ముళ్లు నేర్పించడం గురించి. చెబుతూ చెబుతూ నేను వచ్చిన పని మరిచిపోయాను. ఉప్పు లేని సంకటి మాటకు ఆమె నవ్వింది కూడా. అట్టాగే అంటాడు, అట్టాంటోడే అన్నది. తర్వాత నీళ్ల వైపు తిరిగింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు, మామూలుగా అన్నది.

"మాకు దక్కలా ఆ నాలుగు నెలలు. పోనీ, మీకన్నా దక్కినాడు."

నేను లేచాను. బస్సుకు టైమవుతుందమ్మా అన్నాను. ఆమె ఎండు నెత్తళ్లు ఆకులో కట్టి ఇచ్చింది. వద్దనలేకపోయాను.

ఆమెకు చెప్పలేకపోయింది మీకు చెబుతున్నాను. ఇంతదాకా చెప్పినదంతా విని, చదవని వరుసే నా తప్పు అని మీరు అనుకుని ఉంటారు. అది తప్పే. దాన్ని ఒప్పుకోవడం కష్టమే కానీ, ఒప్పుకోగలను. నేను ఎవరికీ చెప్పనిది ఇంకొకటి ఉంది. మస్తానమ్మ ఆ మాట అన్నప్పుడు నాకు ముందు కలిగింది సిగ్గు కాదు. అవును, నాకు దక్కినాడు అనుకున్నాను. ఆ నాలుగు నెలలు నా బతుకులో నేను సంతోషంగా ఉన్న నాలుగు నెలలు. అవి ఆమెవని తెలుసు. ఒక మనిషి తన గాలి కోసం, తన నీళ్ల కోసం కొట్టుకుంటుంటే అతని నుంచి లాక్కున్నవని తెలుసు. అయినా ఇప్పటికీ ఏ మధ్యాహ్నమో ఒంటరిగా కూర్చుంటే, నాకు కావాల్సింది క్షమాపణ కాదు. అతను ఆ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉండాలి, నేను పేపరు చదువుతూ ఉండాలి. ముందు ఆ కోరిక వస్తుంది, సిగ్గు దాని తర్వాత వస్తుంది. వయసు పెరిగే కొద్దీ ఆ వరస మారుతుందేమోనని చూశాను. మారలేదు.

ఇది చెప్పాను. మీరు నన్ను ఏమనుకున్నా సరే, ఇప్పుడు ఇది నాకొక్కడికే తెలిసిన సంగతి కాదు.